గాట్స్‌బీ గురించి మావాడు క్లాసులో ఏం మాట్లాడాలి?

ప్రశ్న: మేం విజయవాడ నుంచి న్యూజెర్సీ వచ్చి ఎనిమిది నెలలైంది. మా అబ్బాయి టెన్త్ పరీక్షలు అక్కడే రాశాడు. ఇప్పుడు ఇక్కడ హైస్కూల్లో పదకొండో తరగతి. లెక్కలకీ ఫిజిక్స్‌కీ ఇబ్బంది లేదు. ఇంగ్లీష్‌లో మాత్రం ఈ ఏడంతా అమెరికన్ సాహిత్యం. కుర్చీలు గుండ్రంగా వేసుకుని పిల్లలే నవల గురించి మాట్లాడుకోవాలట, దానికీ మార్కులుంటాయట. వీడు ఒక్క మాటా మాట్లాడడు. రాసేవాటికి మంచి మార్కులే వస్తున్నాయి. "చక్కగా ఆలోచిస్తాడు, క్లాసులో తన గొంతు కూడా వినాలని ఉంది" అని టీచరు మెయిల్ పెట్టారు. వచ్చే నెల 'ది గ్రేట్ గాట్స్‌బీ' మొదలుపెడతారు. ఈ చర్చల నుంచి వీణ్ణి మినహాయించమని అడగొచ్చా? స్పోకెన్ ఇంగ్లీష్ ట్యూషన్ పెట్టించాలా? మావారేమో "కంప్యూటర్ సైన్స్ చదవబోయేవాడికి వందేళ్ల నాటి కథలెందుకు, ఆ టైములో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షకి ప్రాక్టీస్ చేసుకోనీ" అంటున్నారు.
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు:

అమ్మా,

మినహాయింపు అడగకండి. టీచరు ఒప్పుకునేట్టున్నా అడగకండి. నేనూ ఇక్కడి హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పేదాన్నే. మన ఊళ్ల నుంచి నేరుగా వచ్చి నా క్లాసులో కూర్చున్న పిల్లల్ని దగ్గరగా చూస్తూ వస్తున్నాను. మాట్లాడకపోవడం వాళ్ల తెలివికి సంబంధించిన సంగతి కానే కాదు. మనం వాళ్లకు చిన్నప్పటి నుంచి చేసిన అలవాటు అది.

మన దగ్గర టెన్త్ ఇంగ్లీష్ ఎలా సాగుతుందో మీకు తెలుసు. పాఠం సారే చదువుతారు, అర్థం సారే చెబుతారు, జవాబులు గైడులో ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తేనే పిల్లవాడు లేచి నిలబడతాడు. చెప్పింది తప్పయితే క్లాసంతా నవ్వుతుంది. పదేళ్లు అలా చదువుకున్నవాణ్ణి తీసుకొచ్చి, "ఈ నవల్లో కథ చెబుతున్న మనిషిని నమ్మొచ్చా?" అని ఒక ప్రశ్న పడేసి టీచరు పక్కకు వెళ్లి కూర్చుంటే ఏం చేస్తాడు? సరైన జవాబు ఎవరో ఒకరు చెప్పేదాకా ఆగుతాడు. అలాంటి జవాబు అక్కడ ఎవరి దగ్గరా ఉండదు. పీరియడ్ అయిపోతుంది.

ఈ పద్ధతిని చాలా స్కూళ్లలో సోక్రాటిక్ సెమినార్ అంటారు. న్యూహాంప్‌షైర్‌లో ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అనే పాత ప్రైవేటు స్కూలుంది. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే ధనికుడు ఇచ్చిన పెద్ద విరాళంతో వాళ్లు వరసల బెంచీలు తీసేసి, డజను మంది పిల్లలూ ఒక టీచరూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే పద్ధతి పెట్టారు. కోలగా ఉండే ఆ బల్లను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మామూలు పబ్లిక్ స్కూల్లో పాతిక ముప్ఫై మంది ఉంటారు కాబట్టి తరచుగా రెండు వలయాలు వేస్తారు. లోపలివాళ్లు మాట్లాడతారు, బయటివాళ్లు విని రాసుకుంటారు, మధ్యలో మారతారు. ఎవరు ఎవరి మాటను అందుకున్నారో టీచరు కాగితం మీద గీతలు గీసుకుంటూ ఉంటారు. ఏ తరగతిలో పిల్లలు ఏం నేర్చుకోవాలో చెప్పే, చాలా రాష్ట్రాలు 2010 నుంచి తీసుకున్న కామన్ కోర్ ప్రమాణాల్లో మాట్లాడటం, వినడం ఒక విడి భాగం. మీ బాబు టీచరు సరదాకి పెట్టిన ఆట అనుకోవద్దు.

మార్కులు దేనికి వేస్తారో ముందే ఒక కాగితం ఇస్తారు, రూబ్రిక్ అంటారు దాన్ని. బాబు దగ్గర ఉండే ఉంటుంది, అడిగి తీసుకుని మీరిద్దరూ కలిసి చదవండి. పుస్తకంలోంచి వాక్యం చూపించాడా, ఇంకొకరి మాటకు తన మాట కలిపాడా, ప్రశ్న వేశాడా అనేవి అందులో సాధారణంగా కనిపిస్తాయి. యాస అని ఎక్కడా ఉండదు. అందుకే స్పోకెన్ ఇంగ్లీష్ ట్యూషన్ వద్దంటున్నాను. రాతలో అంత బాగా ఆలోచించేవాడికి ఇంగ్లీష్ రాకపోవడం ఏమిటి? వాడి చిక్కు వేగంతో వస్తోంది. తలలో వాక్యం కూర్చుకుని, ఒకసారి సరిచూసుకుని, చెబుదామని నోరు తెరిచేలోపు మాట మూడు మలుపులు తిరిగిపోయి ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు సగం ఆలోచనతో మొదలుపెట్టి మిగతా సగం మాట్లాడుతూ వెతుక్కుంటారు. మనవాళ్లు పూర్తి జవాబుతోనే లేస్తారు.

దీనికి నాకు తెలిసిన మందు పేజీ నంబరు. సెమినార్‌కి ముందు రాత్రి బాబు మూడు చోట్ల స్టికీ నోట్ అంటించుకోవాలి. వాడికి అర్థం కాని చోటు ఒకటి, వాడు నమ్మలేకపోయిన చోటు ఒకటి, ఎందుకో తెలియకుండా గుర్తుండిపోయిన చోటు ఒకటి. ఒక్కో నోటు మీద ఒక ప్రశ్న, అంతే. జవాబులు రాసుకోకూడదు. రాసుకుంటే చదివి వినిపించాలనిపిస్తుంది, చదవడం మొదలుపెట్టగానే అవతలివాళ్లు వినడం మానేస్తారు. మొదటి ఐదు నిమిషాల్లోనే ఒక నోటు వాడేయాలి. ఆలస్యం చేసేకొద్దీ భయం బరువెక్కుతుంది. "నలభై ఏడో పేజీ తీయండి, అక్కడ నాకో అనుమానం" అన్నాడనుకోండి, ఇరవై మంది తలలు పుస్తకంలోకి వంగుతాయి. ఎవరూ వాడి ముఖం వైపు చూడరు. సిగ్గరి పిల్లలకు ఇంతకంటే మంచి సహాయం నేను చూడలేదు. పైగా టీచరు కోరుకునేది కూడా అదే. ఎందుకంటే కలివిడిగా మాట్లాడే పిల్లల్లో కొందరు పుస్తకం తెరవకుండా ఇంటర్నెట్లో సారాంశం చదివి వచ్చి గలగలా మాట్లాడేస్తుంటారు. "అది ఏ పేజీలో ఉంది?" అని నెమ్మదిగా ఒకరు అడిగితే ఆ గలగల ఆగి అసలు చర్చ మొదలవుతుంది. ఆ అడిగేవాడు మీ బాబు కావచ్చు.

ఇక గాట్స్‌బీ. స్కాట్ ఫిట్జెరాల్డ్ ఈ నవలను 1925 ఏప్రిల్‌లో వేశాడు. కథ న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో 1922 వేసవిలో జరుగుతుంది. ఎక్కడి నుంచో వచ్చి ఎలాగో కోటీశ్వరుడైన జే గాట్స్‌బీ, ఒకప్పుడు ప్రేమించిన డైజీ కోసం ఆమె ఇంటికి ఎదురుగా, నీళ్ల అవతలి ఒడ్డున పెద్ద భవంతి కొని, ముక్కూ మొహం తెలియనివాళ్లందరికీ విందులిస్తుంటాడు. పక్కింట్లో అద్దెకుండే నిక్ మనకు ఈ కథ చెబుతాడు. పచ్చదీపం గురించి, బూడిద లోయ మీద ఉండే కళ్లద్దాల బోర్డు గురించి క్లాసులో అందరూ మాట్లాడతారు, అవి సారాంశాల్లోనే ఉంటాయి. బాబును అటు పోనివ్వకండి. వాడికి రెండు చోట్లు చెబుతాను.

మొదటిది మూడో అధ్యాయం చివర. తనకు తెలిసిన నిజాయితీపరులు బహు కొద్దిమంది అనీ, అందులో తానొకణ్ణనీ నిక్ చెప్పుకుంటాడు. దానికి కాస్త ముందే, ఊళ్లో ఒక అమ్మాయికి వారం వారం 'ప్రేమతో, నిక్' అని ఉత్తరాలు రాస్తూ ఇక్కడ జోర్డాన్ అనే ఇంకో అమ్మాయితో తిరుగుతున్నట్టు ఒప్పుకున్నాడు. అలాంటి మనిషి చెబుతున్న కథను మనం ఎంతవరకు నమ్మాలి? గాట్స్‌బీ గొప్పవాడన్నది ఎవరి అభిప్రాయం? ఈ ఒక్క ప్రశ్న మీద పీరియడ్ అంతా నడుస్తుంది. మొదటి అధ్యాయంలో, నేను ఎవరి మీదా తొందరపడి తీర్పు చెప్పనని నిక్ అన్న చోటు కూడా గుర్తుపెట్టుకుంటే రెండూ పక్కపక్కన పెట్టొచ్చు.

రెండోది చివరి అధ్యాయంలో, తొమ్మిదోది. ఇది మీరూ మీవారూ కూడా చదవాలని నా కోరిక. గాట్స్‌బీ చనిపోయాక మిన్నెసోటాలోని ఒక చిన్న ఊరి నుంచి అతని తండ్రి హెన్రీ గాట్జ్ వస్తాడు. పేద ముసలాయన. కొడుకు అసలు పేరు జేమ్స్ గాట్జ్ అని, ఆ గొప్ప పేరు తర్వాత తగిలించుకున్నదని మనకు అప్పటికే తెలుసు. ఆ తండ్రి జేబులోంచి ఒక ఫొటో తీస్తాడు. కొడుకు పంపిన ఆ భవంతి ఫొటో. మూలలు విరిగి, ఎన్నో చేతులు మారి మాసిపోయి ఉంటుంది. తను ఇప్పుడు నిలబడింది ఆ ఇంట్లోనే. అయినా ఇంటికంటే ఆ ఫొటోనే ఆయనకు ఎక్కువ నిజం. విజయవాడలో మీ పెద్దవాళ్ల ఫోన్లలో మీ న్యూజెర్సీ ఇంటి ఫొటో ఉండదా? పేరంటానికి వచ్చినవాళ్లకు చూపించరా?

తర్వాత ఆయన కొడుకు చిన్ననాటి పుస్తకం ఒకటి తీసి చివరి అట్ట దగ్గర రాసుకున్న టైంటేబుల్ చూపిస్తాడు. 1906 సెప్టెంబర్ 12 అని తారీఖు. పొద్దున 6 గంటలకు లేవడం, డంబెల్స్, ఆ తర్వాత విద్యుత్తు గురించి చదువు, పని, కాసేపు బేస్‌బాల్, 5 నుంచి 6 దాకా స్పష్టంగా మాట్లాడటం, హుందాగా ఉండటం సాధన, 7 నుంచి 9 దాకా కొత్తగా కనిపెట్టాల్సిన వాటి గురించి చదువు. కింద తీర్మానాలు. వారానికి 5 డాలర్లు దాచాలని రాసి, అది కొట్టేసి 3 డాలర్లు చేశాడు. అన్నిటికంటే కింద, తల్లిదండ్రులతో ఇంకా మంచిగా మెలగాలని.

విజయవాడలో చదివిన మీ బాబుకు టైంటేబుల్ గోడకు అంటించుకోవడం అంటే ఏమిటో ఆ క్లాసులో అందరికంటే బాగా తెలుసు. రోజుకో గంట మాటతీరు సాధన చేసిన ఆ పల్లెటూరి కుర్రాడి అవస్థ కూడా తెలుసు. ఈ కాగితాన్ని చూసి తండ్రి పొంగిపోతున్నాడు, నావాడు పైకి రావడానికే పుట్టాడంటున్నాడు. చదువుతున్న మనకు మాత్రం ఆ పైకి రావడం దొంగసారా వ్యాపారం దాకా వెళ్లిందనీ, అంత్యక్రియలకు దాదాపు ఎవరూ రాలేదనీ తెలుసు. తప్పు ఎక్కడ జరిగింది? టైంటేబుల్‌లోనా, ఆ కుర్రాడు కోరుకున్నదానిలోనా, అతణ్ణి ఎప్పటికీ తమలో కలుపుకోని డబ్బున్నవాళ్లలోనా? బాబు క్లాసులో ఈ ఏడాది మొదట్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ కొంత చదివి ఉండొచ్చు. అందులో పదమూడు సద్గుణాల పట్టిక, పొద్దున ఐదింటికి లేచే దినచర్య ఉంటాయి. ఫిట్జెరాల్డ్ ఆ దినచర్యను ఈ కుర్రాడి చేతికిచ్చి చూశాడు. ఈ రెండిటినీ కలిపి చూపించిన పిల్లవాణ్ణి ఏ టీచరూ అంత తేలిగ్గా మరచిపోరు.

దీని గురించి ఇంట్లో తెలుగులోనే మాట్లాడుకోండి. ఇంగ్లీష్‌లో ప్రాక్టీస్ చేయించాలని పట్టుబట్టకండి, అప్పుడు ఇల్లు కూడా పరీక్ష అయిపోతుంది. ఆ తండ్రి గురించి మీరేమనుకుంటున్నారో బాబుకు చెప్పండి. వాడు ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పమనండి, పుస్తకంలో చూపించమనండి. అమ్మా నాన్నల మాట కాదని, కారణం చూపించి, తర్వాత కూడా అందరూ కలిసి భోంచేయగలిగిన పిల్లవాడికి క్లాసు పెద్ద భయం కాదు. మన ఇళ్లలో ఎదురు చెప్పడం, వేరే అభిప్రాయం చెప్పడం రెండూ ఒకటే అయిపోయాయి. బాబు మౌనానికి వేర్లు అక్కడ కూడా ఉన్నాయని నాకు గట్టిగా అనిపిస్తుంది. నొప్పించడానికి చెప్పడం లేదు, ఈ పని మీ చేతిలో ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఈ ఏడాదిలో రాబోయే మిగతా పుస్తకాల గురించి కూడా కొంచెం చెప్పాలి. మార్క్ ట్వేన్ రాసిన 'హకల్‌బెరీ ఫిన్' ఉంటే ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. నల్లజాతివారిని కించపరిచే మాట ఒకటి అందులో రెండు వందల సార్లకు పైగా వస్తుంది. పుస్తకంలో ఉంది కదా, స్కూల్లో పిల్లల పాటల్లో వినిపిస్తోంది కదా అని బాబు దాన్ని పైకి చదవకూడదు. చాలా క్లాసుల్లో ఆ మాట వచ్చిన చోట ఆగి దాటేస్తారు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇది ఎవరూ విడిగా చెప్పరు, తెలియక నోరు జారితే పక్క కుర్చీలో ఉన్న పిల్లకు తగిలే దెబ్బ చిన్నది కాదు. ఈ మాట ఈ రోజే చెప్పండి.

ఆర్థర్ మిల్లర్ నాటకం 'ది క్రూసిబుల్' (1953) వస్తే బాబుకు చెప్పడానికి చాలా ఉంటుంది. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలనీ మంత్రగాళ్లనీ ముద్రవేసి 19 మందిని ఉరితీశారు. 1950లలో కమ్యూనిస్టుల పేరుతో సాగిన వేటను మనసులో పెట్టుకుని మిల్లర్ ఆ కథ ఎత్తుకున్నాడు. తర్వాత 1956లో ఆయన్నే అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) కమిటీ ముందు నిలబెట్టి కమ్యూనిస్టుల పేర్లు చెప్పమన్నారు, ఇతరుల పేర్లు చెప్పనన్నాడు. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో చదివిన పిల్లవాడికి సేలం దూరపు చరిత్రగా కనిపించదు. చెరువు ఒడ్డున ఒంటరిగా గడిపిన రోజుల గురించి థోరో రాసిన 'వాల్డెన్' (1854) ఉంటే, చలికాలపు చెరువు గురించిన అధ్యాయం చూపించండి. ఆ చెరువు మంచుగడ్డలు కోసి ఓడలకెక్కిస్తుంటే, ఇక మద్రాసు, బొంబాయి, కలకత్తా జనం నా బావి నీళ్లు తాగుతారని రాసి, వెంటనే భగవద్గీత ప్రస్తావన తెస్తాడు. అలా అమెరికా నుంచి వచ్చే మంచును దాచడానికి కట్టిన ఐస్ హౌస్ చెన్నైలో మెరీనా ఎదురుగా ఇంకా ఉంది, ఇప్పుడు దాన్ని వివేకానందర్ ఇల్లం అంటున్నారు.

బానిసత్వం, జాతివివక్ష మీద చర్చ వచ్చిన రోజున మన పిల్లలు మరీ బిగుసుకుపోతారు. అది వాళ్ల గొడవ, మనకేం సంబంధం అన్నట్టు కూర్చుంటారు. ఇది నాకు బాధ కలిగిస్తుంది. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చదువుకున్న అంబేద్కర్ 1946లో, నల్లవారి హక్కుల కోసం పోరాడిన అమెరికన్ మేధావి డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్‌కు ఉత్తరం రాస్తూ, ఇండియాలోని అస్పృశ్యుల స్థితికీ అమెరికాలోని నల్లవారి స్థితికీ ఎంతో పోలిక ఉందనీ, వాళ్ల గురించి చదవడం మనకు అవసరమనీ అన్నారు. ఒక నల్లజాతి బానిస కుటుంబం కథ చెప్పిన అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి 'ఏడు తరాలు'గా తెస్తే తెలుగువాళ్లు కళ్లనీళ్లతో చదివారు. మీ ఇంట్లోనో మీ పుట్టింట్లోనో ఆ పుస్తకం ఉండే ఉంటుంది. మీ ఊళ్లో ఎవరి ఇల్లు ఎక్కడ ఉండేదో, ఎవరికి ఏ గ్లాసులో నీళ్లిచ్చేవారో బాబుకు నిజం చెప్పండి. అది తెలిసిన పిల్లవాడు 'హకల్‌బెరీ ఫిన్'లో పారిపోయిన బానిస జిమ్ కథ వేరేగా చదువుతాడు. క్లాసులో చెప్పాలా వద్దా అన్నది వాడి ఇష్టం. "ఇండియాలో ఎలా ఉంటుంది?" అని ఎవరైనా వాడివైపు తిరిగితే, దేశం మొత్తం తరఫున జవాబు చెప్పాల్సిన పని లేదనీ, తనకు తెలిసినంత చెప్పి ఊరుకోవచ్చనీ కూడా చెప్పండి.

మీవారికి ఒక మాట. 2024 నుంచి ఇక్కడ శాట్ కంప్యూటర్ మీదే. చదివే భాగంలో 25 నుంచి 150 మాటల చిన్న పేరాలు, ఒక్కోదానికి ఒక్క ప్రశ్న. వాటిలో పాత సాహిత్యం నుంచి తీసుకున్నవీ ఉంటాయి. ఈ వాక్యం ఏం చెబుతోంది, ఆ మాట అనడానికి ఇక్కడ ఆధారం ఏమిటి అని అడుగుతారు. సెమినార్‌లో చేసేది కూడా అచ్చంగా అదే. కంప్యూటర్ సైన్స్ సంగతికొస్తే, ఏ ఆఫీసులోనైనా డిజైన్ మీటింగుల్లో పెద్దవాళ్ల ఆలోచనలో లోపం కనబడినా నోరెత్తలేక కూర్చునే మనవాళ్లు ఎంతమందో ఆయనే మీకు చెప్పగలరు.

నవల 2021 జనవరి నుంచి కాపీరైట్ లేకుండా అందరికీ అందుబాటులో ఉంది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. కానీ బాబుకు అచ్చు పుస్తకం కొనిపెట్టండి, స్కూలు కాపీలో గీతలు గీయనివ్వరు.

టీచరుకు జవాబు మాత్రం బాబే రాయాలి. పదకొండో తరగతికి వచ్చాక ఇక్కడి పిల్లలు తమ మెయిళ్లు తామే రాసుకుంటారు, తల్లిదండ్రులు మధ్యలోకి వస్తే టీచర్లకు కొంచెం ఇబ్బందే. నాలుగు వాక్యాలు చాలు. తనకు మాట్లాడాలని ఉందనీ, వాక్యం కూర్చుకునేలోపు సందర్భం దాటిపోతోందనీ ఉన్నదున్నట్టు చెప్పాలి. సెమినార్ ప్రశ్నలు ముందురోజు ఇవ్వగలరా అని అడగాలి. మొదటి గాట్స్‌బీ చర్చలో ప్రారంభ ప్రశ్న వేసే పని తనకిస్తే మూడో అధ్యాయం చివరి పేజీతో మొదలుపెడతానని రాయాలి. నిక్ గురించి వాడికి తోచిన ప్రశ్నను ఆ మెయిల్లోనే కింద పెడితే ఆ టీచరు కాదనరు.